దొరసాని కట్టిన తప్పు

ఆ రోజు పొద్దున సత్యమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. తెర ఉతకాలి, ఎండలో ఆరేయాలి, అద్దం ముందు నిలబడి ఉపన్యాసం ఒకసారి చెప్పుకోవాలి, సాయంత్రం సినిమా వేయాలి. ఇంతేగా, ఇందులో చెడిపోయేదేముంది అని మీరనవచ్చు. అలా అనేవాళ్లు బస్తర్లోని బచేలిలో కాపురం చేసి ఉండరు. ఇనుపగనుల కొండ మీంచి దిగే ఎర్రదుమ్ము ఆ ఊళ్లో అన్నం మీద తప్ప అన్నిటి మీదా వాలుతుంది. మూత పెట్టడం మరిచిపోతే అన్నం మీద కూడా వాలుతుంది. ఇక ఫిల్మ్ క్లబ్బు తెర అయితే ఏడాదిగా ఉతుకు ఎరగదు. దాని మీద నలుపు తెలుపు సినిమా వేస్తే అందులో వాళ్లంతా హోలీ ఆడి వచ్చినట్టు కనిపించేవారు.

సత్యమూర్తి గనుల సర్వే విభాగంలో ఉద్యోగి. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. టౌన్‌షిప్ ఫిల్మ్ క్లబ్బుకు అతనే కార్యదర్శి. ఆ క్లబ్బుకు ప్రేక్షకులు ఎవరయ్యా అంటే, ఒకరు సత్యమూర్తి, రెండోవాడు హాలు తాళం తీసి ప్రొజెక్టరు నడిపే బుధ్రాం, మూడో ఆయన ఎండాకాలంలో మాత్రమే వచ్చే ఒక రిటైరైన అకౌంటెంటు. ఆ పెద్దాయనకు కావలసింది హాల్లోని కూలరు, సినిమా ఏదైనా ఫరవాలేదు.

అయినా సత్యమూర్తికి క్లబ్బంటే ప్రాణం. సినిమాకు ముందు మైకు పట్టుకుని అందులోని గొప్పదనం ఏమిటో తీరిగ్గా వివరించడం అతనికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క సుఖం. ఆఫీసులో అతని మాట పైవాళ్లూ వినరు, కిందివాళ్లూ వినరు. ఆ మైకు ఉంది కాబట్టే తానూ ఈ ఊళ్లో ఒక మనిషినని అతని నమ్మకం. ఇప్పుడు ఆ మైకుకే ఎసరొచ్చింది. మహిళా సమితి అధ్యక్షురాలు సూర్యకాంతం గారు ఆ హాలు తమ సంగీతం క్లాసుకు కావాలన్నారు. ఆవిడ భర్త గనులకు పెద్ద అధికారి. ఇంట్లో భార్య మాట, ఆఫీసులో పద్ధతి, రెండూ తప్పలేని మనిషి కనుక ఆయన మధ్యేమార్గంగా ఒక తీర్పు చెప్పారు. ఈసారి హాలు నిండితే క్లబ్బు ఉంటుంది, నిండకపోతే తాళంచెవి సమితికి. నిండిందో లేదో చూడటానికి సూర్యకాంతం గారే ముఖ్య అతిథి.

ఇలా పీకల మీదికి వచ్చినప్పుడు బుద్ధి ఉన్నవాడెవడైనా పాటలూ ఫైటింగులూ ఉన్న సినిమా వేస్తాడు. సత్యమూర్తి ఒక పాత ఫ్రెంచి సినిమా ఎంచుకున్నాడు. మనిషిలోని డాంబికం, ఆ డాంబికంలోంచి పుట్టే క్రూరత్వం దాని విషయం. ఒక ధనవంతురాలైన దొరసాని, చిత్రకళ గురించి అదేపనిగా మాట్లాడే ఆమె భర్త, వాళ్లింట్లో బట్టలు కుట్టే ఒక పేదపిల్ల. ఆ పిల్లకు దొరసాని తన గౌను ఇచ్చి విందుకు పిలుస్తుంది. తీరా వచ్చాక, అందరూ చూస్తుండగా గౌను తిరిగిచ్చేయమంటుంది. ఎక్కడా పాట లేదు, దెబ్బలాట లేదు.

"జనం రావాల్నంటె హిందీదో తెలుగుదో ఏయాలె గని, ఇదేంది?" అంది ఉదయశ్రీ. ఆమె సత్యమూర్తి భార్య. పుట్టిల్లు తెలంగాణ సరిహద్దున ఉన్న భోపాల్‌పట్నం.

"ఇది కళాఖండమే. చూసినకొద్దీ లోతు తెలుస్తుంది. నేను మూడుసార్లు చూశాను."

"మూడుసార్లూ సగంల నిద్రపోయిండ్రు."

"నిద్ర కాదు. కళ్లు మూసుకుని ఆస్వాదించాను."

"గురక పెట్టుకుంటనా?"

కళ గురించి భోపాల్‌పట్నం వాళ్లతో వాదన పెట్టుకోవడం అనవసరమని సత్యమూర్తి తెర చుట్టచుట్టి చంకన పెట్టుకుని బయటపడ్డాడు. అతనూ బుధ్రామూ కలిసి హాలు వెనకాల కుళాయి దగ్గర దాన్ని ఉతికారు. నీళ్లు ఎర్రగా పారాయి. అంత తెరకు సరిపడే దండెం లేకపోవడంతో వారపు అంగడికి పోయే దారి పక్కన సిమెంటు నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ఉపన్యాసం సాధన చేసుకోవడానికి సత్యమూర్తి ఇంటికి వెళ్లాడు. బుధ్రాం టీ తాగడానికి వెళ్లాడు. ఇక్కడే కొంప మునిగింది.

అది చింతపండు రోజులు. బస్తర్లో ఆ రోజుల్లో నేల మీద ఒక గుడ్డ పరిచి, మూలలకు రాళ్లు పెట్టి కనిపిస్తే దానికి ఒకటే అర్థం. పైగా ఆ రోజు అంగడి, ముందురోజు సాయంత్రం చినుకులు పడ్డాయి. పక్క పల్లె నుంచి అంగడికి గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న మంగికి తడిసిన చింతపండును షావుకారు ముట్టుకోడని బెంగగా ఉంది. దారి పక్కన తెల్లటి గుడ్డ చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. ఎవరో పుణ్యాత్ముడు పరిచి పెట్టాడనుకుని గంప బోర్లించి శుభ్రంగా చేత్తో సర్దింది. వెనక వచ్చేవాళ్లు కూడా తలా ఇంత పోశారు.

సత్యమూర్తి తిరిగి వచ్చేసరికి తెరలో కింది భాగమంతా చింతపండు. పక్కన మంగి కూర్చుని ఆవుల్ని తోలుతోంది.

"అయ్యయ్యో! ఎవరు చేశారిది? ఇది సినిమా తెర!"

"సినిమాదని దాని మీద రాసున్నదా సారూ?" అంది మంగి నెమ్మదిగా. ఆమె పుట్టింది ఆవపల్లి వైపు, తెలుగు బాగా వచ్చు. "గుడ్డ పరిచినవు, రాళ్లు పెట్టినవు. ఎండేసుకునేటందుకే అనుకున్న. నువ్వయితె ఏమనుకుందువు?"

చింతపండు ఎత్తించి చూస్తే కింద మూరెడు మేర గోధుమరంగు మరక. ఎంత రుద్దినా పోలేదు. మంగికే జాలేసింది.

"మా దిక్కు ఒకరికి నష్టం చేస్తె తప్పు కడతం సారూ. కట్టినంక ఇంక ఆ ముచ్చట ఎవ్వరు ఎత్తరు. చెప్పు, ఏం కట్టాలె నేను? ఓ కోడిపిల్లను తేనా?"

అప్పుడు సత్యమూర్తి బుర్రలో దీపం వెలిగింది. "కోడిపిల్ల వద్దు. సాయంత్రం సినిమాకి రా. మీ ఊరివాళ్లందరినీ తీసుకురా. అంగడికి వచ్చినవాళ్లని కూడా పిలుచుకురా. అదే తప్పు."

మంగి అతన్ని ఎగాదిగా చూసింది. ఇంత తేలిక తప్పు ఆమె ఎప్పుడూ కట్టలేదు.

మరక కనిపించకుండా తెర కింది భాగాన్ని వెనక్కి మడిచి మేకులు కొట్టించాడు సత్యమూర్తి. సాయంత్రానికి హాలు చూస్తే అతని కళ్లు చెమ్మగిల్లాయి. కుర్చీలన్నీ కాలనీవాళ్లతో నిండాయి, ఎందుకంటే ముఖ్య అతిథి వచ్చినచోటికి రాకపోతే ఆవిడ గుర్తుపెట్టుకుంటుంది. కుర్చీల ముందు నేలంతా గంపలూ, పిల్లలూ, మంగి తెచ్చిన జనమూ. సత్యమూర్తి సూర్యకాంతం గారికి శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "అహంకారం అనేది..." అన్నాడో లేదో ముందు వరసలోంచి పిల్లవాడొకడు ఏడుపు లంకించుకున్నాడు. సూర్యకాంతం గారు గడియారం చూసుకున్నారు. చేసేది లేక సినిమా మొదలుపెట్టించాడు.

బొమ్మ పడింది. దొరసాని ఏదో అంది. ఏమందో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే మాటల అనువాదం అక్షరాల్లో పడేది బొమ్మకు అట్టడుగున. ఆ అడుగు మడిచిన తెరకు కింద, ఆకుపచ్చ రంగేసిన గోడ మీద పడి కలిసిపోయింది.

"బుధ్రాం, బొమ్మ పైకి జరుపు!"

"ఎట్ల జరుపుత సాబ్? ప్రొజెక్టరు పైన ఇనుప జాలీల ఉంది. తాళం బిజిలీవాళ్ల దగ్గర. ఇయాల వాళ్లకు ఛుట్టీ."

జనంలో కదలిక మొదలైంది. ఇద్దరు లేచారు. హాలు ఖాళీ అయిందంటే తాళంచెవి పోతుంది, మైకు పోతుంది, తాను పోతాడు. సత్యమూర్తి ఒక్క గంతులో మైకు దగ్గరికి చేరి, "కూర్చోండి, కూర్చోండి, నేను చెప్తాను!" అన్నాడు. అతను తెలుగులో చెప్పడం, గోండి తప్ప రానివాళ్ల కోసం బుధ్రాం గోండిలో చెప్పడం. అలా బేరం కుదిరింది.

మొదటి భాగం కథ సత్యమూర్తికి తెలుసు. కానీ కథ తెలియడం వేరు, మాటలు తెలియడం వేరు. తెర మీద దొరసాని గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది, ఆమె పెదవులు కదిలినంతసేపూ ఇతనూ ఏదో ఒకటి చెప్పాలి. గొప్పింటి ఆడమనిషి మనసు నొప్పించేలా ఎలా మాట్లాడుతుంది? వెతుక్కోబోతే మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"ఆ చీర... ఆ గౌను బాగుందే! సేల్లో కొన్నావా? పర్వాలేదు, దూరం నుంచి చూస్తే తెలియదు."

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మీ ఇంట్లో కూరలు భలే ఉంటాయి. మా పనిమనిషి కూడా ఇలాగే వండేది, మానిపించేశాను."

ఈసారి రెండు వరసలు కిసుక్కుమన్నాయి. ఎందుకు నవ్వుతున్నారో సత్యమూర్తికి తెలియలేదు. తన వాక్చాతుర్యమేననుకుని ఇంకా విజృంభించాడు. అతనికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ మాటలన్నీ సూర్యకాంతం గారివి. సమితి సమావేశం అయిన ప్రతిసారీ ఉదయశ్రీ ఇంటికొచ్చి కళ్లనీళ్లతో చెప్పుకుంటుంటే, అతను సినిమా పుస్తకం చదువుకుంటూ ఊ కొట్టిన మాటలు. మూడో వరసలో ఉదయశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది. సూర్యకాంతం గారు మాత్రం వీపు నిటారుగా పెట్టి తెరనే చూస్తున్నారు. బుధ్రాం గోండి అనువాదం సత్యమూర్తి మాటకు మూడింతలు సాగుతోంది, నేల మీదివాళ్లు పడీపడీ నవ్వుతున్నారు.

"ఏం చెప్తున్నావయ్యా అంతసేపు?"

"మీరు చెప్పింది తక్కువుంది సాబ్, సమజ్ కాదు. నేను కొద్దిగ కలిపిన."

విందు ఘట్టం వచ్చింది. బల్ల చుట్టూ దొరలు. దొరసాని గౌను విప్పి ఇమ్మంది. పిల్ల పరదా చాటుకు వెళ్లి, తన మాసికల గౌనుతో అందరి మధ్యలోంచి తలొంచుకుని నడిచింది.

"ఆపుండ్రి!" మంగి లేచి నిలబడింది. "ఇదెక్కడి అన్యాలం? నలుగురిల పిల్ల పరువు తీస్తె, సూస్తా కూసుంటమా? దీని సంగతి తేల్చాలె!"

బుధ్రాం చేతిలోని రిమోటు నొక్కి సినిమా ఆపేశాడు. పంచాయితీ కూర్చున్నాక సినిమా నడపడం మర్యాద కాదట. నేల మీదివాళ్లంతా సర్దుకుని గుండ్రంగా కూర్చున్నారు. మంగి ఊరి పెద్ద లచ్చు తలపాగా సవరించుకుని మధ్యకు వచ్చాడు.

"రెండు దిక్కుల మాట ఇనాలె. పిల్ల దిక్కు మంగి మాట్లాడతది. దొరసాని దిక్కు ఎవరు?"

"అయ్యా, ఇది సినిమా," అని సత్యమూర్తి చేతులు జోడించాడు. "ఆ దొరసాని ఫ్రాన్సు దేశం మనిషి. ఆ వేషం వేసినావిడ పోయి చాలా కాలమైంది."

"పోతె ఆమెవాళ్లు ఎవరన్న రావాలె గద," అన్నాడు లచ్చు.

"నేను మాట్లాడతాను!"

అందరూ వెనక్కి తిరిగారు. సూర్యకాంతం గారు శాలువా సర్దుకుంటూ లేచారు.

"గౌను ఎవరిది? ఆవిడది. ఇచ్చింది, అడిగి తీసుకుంది. ఇందులో తప్పేముంది?"

"తీసుకో తల్లీ, ఎవరొద్దన్నరు?" అంది మంగి. "గని ఇంటికి పోయినంక అడగొచ్చు గద. అందరి ముందట ఎందుకు అడిగినవు?"

"నేనెక్కడ అడిగాను?"

"దొరసాని దిక్కు మాట్లాడేది నువ్వే గద. నువ్వే చెప్పాలె."

"అందరి ముందూ అడిగితేనే ఇలాంటివాళ్లకు బుద్ధి వస్తుంది!" అన్నారు సూర్యకాంతం గారు గట్టిగా. కాలనీ ఆడవాళ్లందరి చూపులూ ఒక్కసారి ఉదయశ్రీ వైపు మళ్లాయి. కిందటి దీపావళికి, ఆవిడ దగ్గర అడిగి తెచ్చుకున్న వెండి పళ్లెం గురించి సమితి విందులో నిలబెట్టి అడిగించుకున్నది ఉదయశ్రీయే. ఆమె తల దించుకుంది.

"బుద్ధి వస్తదా?" మంగి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొద్దుగాల నేను ఈ సారు గుడ్డ పాడు చేసిన. ఆయన నన్ను అంగట్ల నిలబెట్టి తిట్టిండా? సినిమాకు పిలిచిండు. నాకు బుద్ధి రాలేదా?"

నేల మీద నుంచి చప్పట్లు. కుర్చీల్లోంచి కూడా, ఎవరు కొట్టారో తెలియకుండా, కొన్ని చప్పట్లు. సూర్యకాంతం గారితో ఎదురు మాట్లాడినవాళ్లు ఆ ఊళ్లో అంతవరకూ లేరు.

లచ్చు పక్కవాళ్లతో గుసగుసలాడి తీర్పు చెప్పాడు. "దొరసానిది తప్పే. పిల్లకు ఓ కొత్త బట్ట పెట్టాలె. కూసున్నోళ్లకు తిండి పెట్టాలె. తప్పు కట్టినంక ఇంక దొరసానిని ఎవ్వరు ఒక్క మాట అనేది లేదు."

క్లబ్బుకు నూకలు చెల్లాయని సత్యమూర్తి కళ్లు మూసుకున్నాడు. సూర్యకాంతం గారు హాలంతా కలయజూశారు. అందరూ తననే చూస్తున్నారు. తిండి పెట్టలేక తప్పించుకుందన్న మాట పడటం కంటే ఆవిడ బచేలి వదిలిపోవడానికైనా ఒప్పుకుంటారు.

"తిండేగా? ఏమనుకున్నారు నన్ను! బుధ్రాం, క్యాంటీన్‌కు ఫోను చెయ్యి. అందరికీ మిర్చి భజియా. నా పేరు చెప్పు!" అని, భుజాల మీది శాలువా తీసి మంగికి కప్పేశారు. హాలు దద్దరిల్లింది. లచ్చు ఆవిడకు దండం పెట్టాడు. సూర్యకాంతం గారి ముఖంలో శాలువా కప్పించుకున్నప్పుడు లేని కళ వచ్చింది.

భజియాలు తింటూ మిగతా సినిమా చూశారు. రెండో భాగం సత్యమూర్తి కూడా చూడటం అదే మొదటిసారి కాబట్టి, ఏం జరుగుతుందోనని అతనూ అందరితోపాటే నోరు తెరుచుకుని చూశాడు. ఆఖర్న దొరసాని ఒంటరిగా అద్దం ముందు కూర్చుని ఏడ్చింది. "తప్పు కట్టింది గద, ఇంకెందుకు ఏడుస్తది, పాపం!" అని నేల మీది ఆడవాళ్లు కూడా కళ్లొత్తుకున్నారు.

మర్నాడు పొద్దున సత్యమూర్తి గేటు దగ్గర నిలబడ్డాడు. ముందుగా ఎదురింటి వినీత వచ్చింది. "ఎంత ధైర్యమండీ మీకు! సూర్యకాంతం గారిని ఉన్నదున్నట్టు చూపించేశారు!" అని గుసగుసగా అభినందించి వెళ్లింది. అప్పుడు గాని సత్యమూర్తికి ఆ నవ్వులు దేనికో అర్థం కాలేదు. అంతలోనే సూర్యకాంతం గారి కారు వచ్చి ఆగింది. చేతిలో, రాత్రి హాలు మూశాక బుధ్రాం దగ్గర తీసుకున్న తాళంచెవి.

"మూర్తిగారూ, నిన్న నవ్వాపుకోలేక చచ్చాననుకోండి! ఆ దొరసాని అచ్చం మీ ఎదురింటి వినీతే!"

సత్యమూర్తి ఎదురింటి గేటు వైపు చూశాడు.

"ఆ మాట తీరంతా నన్ను చూసి నేర్చుకున్నదే, పాపం. ఎంత వినీతైనా మన కాలనీ మనిషి కదా, పరువు పోకూడదని నేనే లేచి మాట్లాడాను. ఇంత మంచి కార్యక్రమం ఈ ఊళ్లో ఎప్పుడూ జరగలేదు. తాళంచెవి మీ దగ్గరే ఉంచండి. సంగీతం క్లాసు మా ఇంట్లో పెట్టుకుంటాను. నెలనెలా సినిమా వేయండి, భజియా సమితి ఖర్చు. కాకపోతే ఒక్కటే షరతు."

"చెప్పండమ్మా!"

"ముందు ఆ ఉపన్యాసం ఉంటుంది చూశారూ, అది వద్దు. సినిమా నడుస్తుండగా మీ తెలుగు, బుధ్రాం గోండి, మధ్యలో పంచాయితీ. అంతే చాలు."

కారు వెళ్లిపోయింది. హాలు దక్కింది, క్లబ్బు దక్కింది, మైకూ దక్కింది. ఏ అరగంట ఉపన్యాసం కోసం ఇదంతా చేశాడో ఆ అరగంట మాత్రం పోయింది. సత్యమూర్తి నీరసంగా లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"చూశావా ఉదయా, మనుషులెంత గుడ్డివాళ్లో! ఆవిడకు దొరసాని వినీతలా కనిపించిందట, వినీతకు ఆవిడలా కనిపించిందట. ఒక్కరైనా తమను తాము చూసుకున్నారా? ఇదే నేను ఉపన్యాసంలో చెబుదామనుకున్నది. సరే, నీకెవరు కనిపించారు?"

ఉదయశ్రీ బియ్యం ఏరుతోంది.

"నేనేం చెప్పినా మీరు ఇంటలేరనుకునేదాన్ని ఇన్నాళ్లు," అంది. "నిన్న మైకుల ఒక్క మాట పొల్లుపోకుంట చెప్పిండ్రు. అంటె అన్నీ ఇన్నరన్నమాట. ఇని, నాకు ఒక్కనాడు జవాబు చెప్పలె."

"అది కాదే, సినిమాలో ఎవరు కనిపించారని అడిగాను."

"ఆ దొరసాని మొగడు. బొమ్మల ముచ్చట చెప్పుకుంట కూసున్నడు, పక్కన పెండ్లాం ఏమంటున్నదో పట్టించుకోలె."

"అతనా? అది చాలా చిన్న పాత్ర కదే!"

"మా ఇంట్ల పెద్దదే," అంది ఉదయశ్రీ.

పాపం, ఆమెకు సినిమా ఏమాత్రం అర్థం కాలేదని జాలిపడి, సత్యమూర్తి కుర్చీ దగ్గరగా లాక్కుని మొదటినుంచీ వివరించడం మొదలుపెట్టాడు.